స్థాపన – ఉద్వాసన

సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులో ఎక్కించే పనికి తెలుగులో ‘స్థాపన’ అనే మాట అలవాటైంది. కలశస్థాపన, విగ్రహస్థాపన వంటి ప్రయోగాల ద్వారా తెలుగువారికి అది చిరపరిచితమైన మాట. దాని వ్యతిరేక క్రియకు, అంటే ‘అన్‌ఇన్‌స్టాల్’ చేయడానికి, ‘తొలగింపు’ అనే మాటతో సరిపెట్టుకొంటున్నారు. నిజానికి స్థాపనకు సరైన జోడీ భాషలో ఏనాటినుంచో సిద్ధంగా ఉంది. అది ‘ఉద్వాసన’. ఉద్యోగం నుంచి ఎవరినైనా తప్పించినప్పుడు ‘ఉద్వాసన పలికారు’ అని పత్రికలు రాస్తాయి కనుక ఆ మాటలో నేడు కొంత కటుత్వం ధ్వనిస్తుంది. పూజావిధిలో మాత్రం అది మర్యాద గల మాట. ఆహ్వానించి కూర్చోబెట్టిన వారిని సగౌరవంగా సాగనంపడం దాని అర్థం.

వినాయక చవితి పూజ చేసుకొనే ఇంట్లో ఈ సాగనంపడం ఎలా జరుగుతుందో గమనించిన వారికి కంప్యూటరులోని తొలగింపు సగం అర్థమైనట్లే. ఉద్వాసన చెప్పిన తరువాత మట్టి ప్రతిమ, దానితోపాటు వచ్చిన పత్రి నిమజ్జనానికి వెళతాయి. ప్రతిమను నిలిపిన పీట వెళ్ళదు. అది ఇంటిది, రేపు మరొక పూజకు కావాలి. పొరుగింటి నుంచి ఎరువు తెచ్చిన గంటను వారికి తిరిగి ఇచ్చివేయాలి. ఏది దేవునితో వచ్చింది, ఏది ఇంటిది, ఏది పదిమందిది అన్న వివేకం లేకుండా అన్నిటినీ మూటగట్టి చెరువులో వేసేవారు ఉండరు. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ పని చేసేవారు చాలామంది ఉన్నారు. పత్రిని ఇంట్లోనే కుళ్ళనిచ్చేవారు అంతకంటె ఎక్కువమంది.

హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. మద్రాసు నుంచి పరిశ్రమ తరలివచ్చిన తరువాత స్టూడియోలు, నిర్మాణ సంస్థల కార్యాలయాలు ఆ కొండల మీద వెలిశాయి. ఆ పరిశ్రమను నమ్ముకొన్న శ్రామికులు, చిన్న కళాకారులు దిగువన ఉన్న కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, బోరబండ వంటి బస్తీలలో నివాసాలు ఏర్పరచుకొన్నారు. బోరబండలో ఒక చిన్న డి.టి.పి. కేంద్రాన్ని ఊహించుకోవచ్చు. పగలు అక్కడ పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు తయారవుతాయి. రాత్రి పొద్దుపోయాక ఎవరో సహాయ దర్శకుడు చేతిరాతలో ఉన్న సంభాషణల ప్రతి తెచ్చి, తెల్లవారేసరికి అక్షరాలుగా మార్చి ఇమ్మంటాడు. కేంద్రంలోని కంప్యూటరు పాతది. కొండమీది ఒక ఎడిటింగ్ గది నుంచి అమ్మకానికి వచ్చినది. అందులో వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, పాటలు వినే సాఫ్ట్‌వేర్ ఉంది, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, యజమాని కుమారుడు ఎక్కించిన ఆటలూ ఉన్నాయి. ఒకనాడు సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత కనిపించింది. అక్కరలేని వాటిని తీసివేయాలని ఆపరేటరు నిర్ణయించుకొన్నాడు. ఈ పాఠంలోని ప్రశ్నలన్నీ అతని ముందున్న ప్రశ్నలే.

మొట్టమొదట స్ఫురించే ఉపాయం ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డరును వెతికి పట్టుకొని చెరిపివేయడం. ఇది తప్పుదారి. ఒక సాఫ్ట్‌వేర్‌ను స్థాపించినప్పుడు దాని ప్రధాన ఫైళ్ళు ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అనే చోట చేరతాయి. కాని అది అక్కడితో ఆగదు. వినియోగదారుని అభిరుచులను ‘యాప్‌డేటా’ అనే ఫోల్డరులో దాచుకొంటుంది. ఆ ఫోల్డరు సాధారణంగా కంటికి కనిపించదు. యంత్రాన్ని వాడే వారందరికీ సంబంధించిన విషయాలను ‘ప్రోగ్రామ్‌డేటా’లో పెడుతుంది. ఫాంట్లు ఉంటే విండోస్ ఫాంట్ల ఫోల్డరులో కలుపుతుంది. కంప్యూటరు నిద్రలేవగానే తానూ నిద్రలేచే సర్వీసులను కొన్నిటిని నియమించుకొంటుంది. తన పేరును, చిరునామాను, ఏ రకపు ఫైళ్ళను తానే తెరవాలన్న హక్కును ‘రిజిస్ట్రీ’ అనే మహాపట్టికలో నమోదు చేయించుకొంటుంది. ఫోల్డరును చెరిపితే ఇల్లు మాత్రమే కూలుతుంది. ఓటర్ల జాబితాలో పేరు, బ్యాంకులో ఖాతా, కిరాణా కొట్టులో అప్పు అలాగే ఉంటాయి.

ఇన్ని చోట్ల విస్తరించిన సామగ్రిని వెనక్కి తీసుకొనే పని స్థాపించిన వారికే బాగా తెలుస్తుంది. 1995లో వచ్చిన విండోస్ 95 ఈ బాధ్యతను వారికే అప్పగించింది. ప్రతి సాఫ్ట్‌వేర్ తనతోపాటు తనను తొలగించే కార్యక్రమాన్ని కూడ తెచ్చుకోవాలని, దాని చిరునామాను రిజిస్ట్రీలో నమోదు చేయాలని ఒక పద్ధతి ఏర్పడింది. కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించే పట్టిక ఆ చిరునామాల జాబితాయే. ఫోల్డరును ముందే చెరిపివేసిన వ్యక్తి ఆ తొలగింపు కార్యక్రమాన్ని కూడ చెరిపివేసి ఉంటాడు. అప్పుడు పట్టికలో పేరు మిగులుతుంది, నొక్కితే ఫలితం ఉండదు. ఉద్వాసన మంత్రం తెలిసిన పురోహితుణ్ణి ముందే పంపించివేసినట్లన్నమాట.

పట్టికలోని పేరును నొక్కి తొలగించడం సరైన మార్గం. అయినా అక్కడ ఒక చిక్కు ఉంది. సాఫ్ట్‌వేర్‌లు ఒంటరిగా రావు, పరివారంతో వస్తాయి. ఒకే పనిని ప్రతి సాఫ్ట్‌వేర్ విడిగా రాసుకోనక్కర లేకుండా, నలుగురూ వాడుకొనే ఉమ్మడి గ్రంథాలయ ఫైళ్ళు ఉంటాయి. విండోస్‌లో వీటిని డీఎల్‌ఎల్ ఫైళ్ళంటారు. ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను తీసివేసేటప్పుడు ఈ ఉమ్మడి ఫైలును తీయాలా, ఉంచాలా? తీస్తే దానిమీద ఆధారపడిన మరొక సాఫ్ట్‌వేర్ కుప్పకూలవచ్చు. ఉంచితే ఎవరికీ అక్కరలేని బరువు మిగలవచ్చు. ఇందుకు విండోస్ ఒక లెక్క పెట్టింది. ఉమ్మడి ఫైలును వాడుకొనే ప్రతి సాఫ్ట్‌వేర్ స్థాపన సమయంలో ఆ లెక్కను ఒకటి పెంచాలి, వెళ్ళిపోయేటప్పుడు ఒకటి తగ్గించాలి. లెక్క సున్నకు చేరినప్పుడే ఫైలును తొలగించాలి. పద్ధతి చక్కనిదే. లెక్క రాయకుండా వచ్చి ఫైలును వాడుకొనేవారు, లెక్క తగ్గించకుండా వెళ్ళేవారు ఉన్నప్పుడు మాత్రం అది నిలవదు. ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చిన డీఎల్‌ఎల్ మరొకదాని డీఎల్‌ఎల్‌ను చెరిపి రెండింటినీ చెడగొట్టే దుస్థితిని ఆ కాలపు సాంకేతికులు ‘డీఎల్‌ఎల్ నరకం’ అని పిలిచారు. ఆ పేరు పెట్టినవారు అనుభవం మీద పెట్టి ఉంటారు.

బోరబండ ఆపరేటరు పట్టికను తెరవగానే ‘మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్’ అనే పొడవైన పేరు పదిసార్లు కనిపిస్తుంది. 2005, 2008, 2010, 2012, 2013 అని వరుసగా సంవత్సరాలు. ఒకటే వస్తువు పదిసార్లు పడి ఉందని, కొత్తది ఒక్కటి ఉంచి తక్కినవి తీసివేయవచ్చని అనిపించడం సహజం. అది పొరపాటు. 2008 నాటి పరికరాలతో తయారైన సాఫ్ట్‌వేర్‌కు 2008 నాటి ఉమ్మడి ఫైళ్ళే కావాలి. 2013 నాటివి ఆ పనికి రావు. 2015 నుంచి వచ్చిన సంచికలలో మాత్రం కొత్తది పాతదాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. కనుక ఈ పేర్లు పూజలోని పత్రి కావు, ఇంట్లోని పీటలు. అవి ఆక్రమించే చోటు కూడ స్వల్పమే. వాటి జోలికి పోకపోవడమే ఉత్తమం.

కంటికి కనిపించకుండా పోవడం వేరు, నిజంగా పోవడం వేరు. ఈ భేదాన్ని వ్యాకరణవేత్తలు చాలా ముందే గుర్తించారు. పాణిని లోపాన్ని ‘లేకుండా పోవడం’ అని నిర్వచించలేదు, ‘కనబడకపోవడం’ అని నిర్వచించాడు. ప్రత్యయం లోపించిన తరువాత కూడ దాని వలన జరగవలసిన కార్యం జరుగుతుందని మరొక సూత్రంలో చెప్పాడు. తెలుగు విద్యార్థికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ సరళాదేశ సంధిలో దొరుకుతుంది. ‘పూచెను, కలువలు’ అనే పదాలు కలిసినప్పుడు ‘పూచెఁగలువలు’ అనే రూపం ఏర్పడుతుంది. అరసున్నను వదిలి ముద్రించే నేటి పుస్తకాలలో ద్రుతమైన నకారం జాడే కనిపించదు. కాని అది ఉండి వెళ్ళిందని ‘క’ మారి ఏర్పడిన ‘గ’ సాక్ష్యం చెబుతూనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇటువంటి ‘గ’ ఒకటి 2015లో పెద్ద కలవరం రేపింది. లెనోవో సంస్థ విక్రయించిన కొన్ని లాప్‌టాప్‌లలో ‘సూపర్‌ఫిష్’ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందే స్థాపితమై వచ్చింది. వినియోగదారుడు చూసే వెబ్ పుటలలో ప్రకటనలు చొప్పించడం దాని పని. భద్రమైన పుటలలో కూడ చొరబడడానికి వీలుగా అది కంప్యూటరులోని విశ్వసనీయ ధ్రువపత్రాల జాబితాలో తన పత్రాన్ని కూడ చేర్చుకొంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో విషయం వెల్లడి కాగానే చాలామంది దానిని తొలగించారు. పట్టికలో పేరు పోయింది, ప్రకటనలు పోయాయి. ధ్రువపత్రం మాత్రం మిగిలింది. ఆ పత్రపు రహస్యపు తాళంచెవి అన్ని యంత్రాలలో ఒకటే. అది బయటపడింది కూడ. దానిని చేజిక్కించుకొన్న వంచకుడు బ్యాంకు పుట వంటి దొంగ పుటను తయారుచేసి నిజమైనదిగా నమ్మించగలడు. చివరకు లెనోవో సంస్థయే పత్రాన్ని కూడ తొలగించే ప్రత్యేక ఉపకరణాన్ని విడుదల చేయవలసి వచ్చింది. అద్దెకున్నవాడు గది ఖాళీ చేసినా, అతడు చేయించుకొన్న మారుతాళం సంగతి ఇంటి యజమాని మరువరాదు కదా.

పరివారాన్ని సాగనంపడంలో వరుసక్రమానికి కూడ విలువ ఉంది. ఆపిల్ సంస్థ ‘ఐట్యూన్స్’ను విండోస్ యంత్రంలో స్థాపించినప్పుడు దానితోపాటు ఆపిల్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, మొబైల్ డివైస్ సపోర్ట్, బాన్‌జూర్, అప్లికేషన్ సపోర్ట్ అనే నాలుగు విధాల పరిచారకులు కూడ వచ్చేవారు. వీటిని తొలగించేటప్పుడు మొదట ఐట్యూన్స్‌ను, తరువాత మిగిలిన వాటిని ఈ వరుసలోనే తీయాలని, వరుస తప్పితే అనుకోని ఫలితాలు కలుగవచ్చని ఆ సంస్థయే తన సూచనలలో హెచ్చరించింది. పందిరి విప్పేవాడు మొదట పైకప్పు తీస్తాడు, తరువాత వాసాలు, చివరకు గుంజలు. గుంజలతో మొదలుపెట్టినవాని నెత్తిన పందిరి పడుతుంది.

ఆ పరివారంలో ఒకప్పుడు ‘క్విక్‌టైమ్’ కూడ ఉండేది. చలనచిత్ర రంగానికి ఈ పేరుతో గాఢమైన సంబంధం ఉంది కనుక దాని కథను కొంత వివరంగా తెలుసుకోవాలి. 2003లో విండోస్ కోసం వచ్చిన ఐట్యూన్స్‌కు క్విక్‌టైమ్ తప్పనిసరి ఆధారం. పాటలు వినదలచుకొన్న వారందరి యంత్రాలలో, అడిగినా అడగకపోయినా, అది చేరింది. 2011లో వచ్చిన ఐట్యూన్స్ 10.5 సంచికకు ఆ అవసరం లేకపోయింది. అయినా క్విక్‌టైమ్ తనంతట తాను వెళ్ళిపోలేదు. యజమాని వదిలి వెళ్ళిన ఇంట్లో పనివాడిలా లక్షల యంత్రాలలో ఉండిపోయింది.

2016 ఏప్రిల్ 14న ట్రెండ్ మైక్రో అనే భద్రతా సంస్థ ఒక ప్రకటన చేసింది. విండోస్‌లో పనిచేసే క్విక్‌టైమ్‌లో రెండు ప్రమాదకరమైన లోపాలున్నాయని, ఆపిల్ సంస్థ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇకపై సవరించబోవడం లేదని, కనుక దానిని వెంటనే తొలగించుకోవాలని ఆ ప్రకటన సారం. అమెరికా ప్రభుత్వపు కంప్యూటర్ అత్యవసర స్పందన విభాగం కూడ అదే రోజు అదే సలహా ఇచ్చింది. పాటలు వినేవారికి ఆ సలహా పాటించడం ఒక్క నిమిషం పని. ఎడిటింగ్ గదులలో పరిస్థితి వేరు. ఆపిల్ రూపొందించిన ‘ప్రోరెస్’ అనే దృశ్యరూపం 2007 నుంచి చలనచిత్ర నిర్మాణంలో ప్రామాణికంగా ఎదిగింది. ఆరి అలెక్సా వంటి కెమెరాలు దృశ్యాలను నేరుగా ఆ రూపంలోనే నమోదు చేయగలవు. విండోస్ యంత్రంలో ప్రీమియర్ ప్రో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వంటి అడోబ్ సాఫ్ట్‌వేర్‌లు ప్రోరెస్ మొదలైన కొన్ని రూపాలను అర్థం చేసుకోవడానికి క్విక్‌టైమ్ మీదనే ఆధారపడ్డాయి. తమ వినియోగదారులలో కొందరికి ఈ తొలగింపు వలన ఇబ్బంది కలుగుతుందని అడోబ్ సంస్థ ఆ రోజులలోనే అంగీకరించింది.

ఉంచితే దొంగకు దారి ఇచ్చినట్లు. తీస్తే చిత్రీకరించిన దృశ్యాలు తెరుచుకోవు. విడుదల తేదీ దగ్గరపడిన చిత్రానికి పనిచేసే ఎడిటరు ఈ రెండింటిలో దేనిని ఎన్నుకోవాలి? ఇటువంటి సందర్భంలో వివేకవంతులు మూడవ దారి ఒకటి తొక్కుతారు. ఎడిటింగ్ యంత్రానికి అంతర్జాల సంబంధం తెంచివేసి, పని ముగిసేవరకు పాత సామగ్రిని అందులో యథాతథంగా ఉంచుతారు. అంతర్జాలంతో సంబంధమున్న మిగిలిన యంత్రాల నుంచి మాత్రం దానిని తొలగిస్తారు. సమస్యకు మూలపరిష్కారం తరువాత వచ్చింది. అడోబ్ సంస్థ ఆ ఆధారాన్ని క్రమంగా తగ్గించుకొంటూ వచ్చి, 2018 ఏప్రిల్ సంచికలతో క్విక్‌టైమ్ 7 కాలపు పాత రూపాలకు మద్దతు మానుకొంది. అదే సంవత్సరం చివర విండోస్‌లోనే ప్రోరెస్ దృశ్యాలను తయారుచేసే శక్తిని సమకూర్చుకొంది. అంటే ఒక చిన్న ఆధారాన్ని శుభ్రంగా తొలగించడానికి ఒక మహాసంస్థకు సుమారు రెండున్నర సంవత్సరాలు పట్టింది.

ఎవరు ఎవరితో వచ్చారో మొదటినుంచీ రాసిపెట్టుకొంటే ఈ తంటా చాలవరకు తప్పుతుంది. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలలో ఆ పద్ధతి ఉంది. ప్రతి సాఫ్ట్‌వేర్ పొట్లం తనకు ఏయే పొట్లాలు ఆధారమో ముందే ప్రకటిస్తుంది. వినియోగదారుడు స్వయంగా కోరి తెచ్చుకొన్నది ఏది, దాని కోసం తనంతట తాను వచ్చినది ఏది అన్న గుర్తు వ్యవస్థ వద్ద ఉంటుంది. కోరినదానిని తొలగించి ‘ఆటోరిమూవ్’ ఆజ్ఞ ఇస్తే, దానికోసమే వచ్చి ఇప్పుడు ఎవరికీ అక్కరలేనివి మాత్రమే వెళ్ళిపోతాయి. మరొకరికి అవసరమైనవి నిలుస్తాయి. పట్టిక ఉన్నంత మాత్రాన అన్ని ప్రమాదాలూ తప్పవు. 2016 మార్చి 22న ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 పంక్తుల చిన్న పొట్లాన్ని దాని రచయిత ఒక వివాదం కారణంగా ఉమ్మడి భాండాగారం నుంచి ఉపసంహరించుకొన్నాడు. వేలాది సాఫ్ట్‌వేర్‌ల నిర్మాణం ప్రపంచమంతటా కొద్దిసేపు స్తంభించింది. వారిలో చాలామందికి తాము దానిమీద ఆధారపడ్డామన్న సంగతే తెలియదు.

చేతిఫోను విషయంలో పని కొంత సులభం. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రతి యాప్‌కు ఒక సొంత గది ఉంటుంది. యాప్‌ను తొలగిస్తే ఆ గది కూడ ఖాళీ అవుతుంది. అది తీసి గ్యాలరీలో పెట్టిన చిత్రాలు మాత్రం మిగులుతాయి. ఫోనుతోపాటు వచ్చిన యాప్‌లలో కొన్నిటిని తొలగించడం కుదరదు, నిలిపివేయడం మాత్రమే సాధ్యం. యాప్ వెళ్ళినంత మాత్రాన ఆ సంస్థ వద్ద తెరిచిన ఖాతా రద్దు కాదని కూడ తెలుసుకోవాలి. నెలనెలా డబ్బు చెల్లించే ఒప్పందం ఉంటే, యాప్ పోయినా చెల్లింపు ఆగదు; దానిని విడిగా రద్దు చేయాలి.

ఇప్పుడు బోరబండ కంప్యూటరులోని తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గరకు రావాలి. అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఇక్కడే ఉంది. యజమాని యూనికోడ్‌లో టైపు చేయడం నేర్చుకొన్నాడు. పాత ‘అను స్క్రిప్ట్ మేనేజర్’ ఇక అక్కరలేదని అనుకొంటున్నాడు. హైదరాబాదులోనే రూపొందిన ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ముద్రణలో గొప్ప స్థానం ఉంది. పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు, గోడపత్రికలు ఎన్నో దానితో అక్షరరూపం ధరించాయి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అనే జంట లేకుండా ఒక తరపు డి.టి.పి. కేంద్రాన్ని ఊహించడం కష్టం. అయితే ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతికి చెందినవి కావు. ఇంగ్లీషు అక్షరాలకు, చిహ్నాలకు కేటాయించిన సంఖ్యాస్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చిన ఫాంట్లు అవి. ఒక గుణింతపు అక్షరానికి తలకట్టు ఒక స్థానంలో, గుడి మరొక స్థానంలో, ఒత్తు ఇంకొక స్థానంలో ఉండవచ్చు. ఫైలులో నిజంగా నిక్షిప్తమై ఉండేవి ఆ స్థానాల సంఖ్యలే. వాటిని తెలుగుగా చూపేది ఫాంటు.

ఫాంటుతో సహా ఆ సాఫ్ట్‌వేర్‌ను తొలగించిన మరుక్షణం ఏమవుతుంది? ఫైళ్ళు ఎక్కడికీ పోవు. ఒక్క అక్షరం చెరగదు. కాని తెరిచి చూస్తే తెలుగు ఉండవలసిన చోట అర్థంకాని ఆంగ్లాక్షరాలు, కొక్కేలు, చుక్కలు బారులు తీరి కనిపిస్తాయి. పదిహేనేళ్ళుగా రాత్రులు మేలుకొని టైపు చేసిన సంభాషణల ప్రతులు, ఊరివారి శుభలేఖలు, ఎవరో వృద్ధకవి అచ్చువేయించుకొన్న శతకం అన్నీ ఒక్కసారిగా పరభాషగా మారిపోతాయి. పూజా సామగ్రితోపాటు ప్రసాదాన్ని కూడ నీటిలో కలిపినట్లవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆధారమైన ఫైళ్ళను గురించి సాంకేతిక గ్రంథాలు ఎంతో చెబుతాయి. సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన మనిషి శ్రమను గురించి అవి చెప్పేది తక్కువ. తొలగింపు కార్యక్రమం దగ్గర ఆ లెక్క ఉండదు. ఆ లెక్క మనిషే పెట్టుకోవాలి.

యూనికోడ్‌కు, ఈ పాత పద్ధతికి ఉన్న భేదం ఇక్కడ ప్రధానం. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు తెలుగువి. ‘అ’కారం సంఖ్య 3077, ‘క’కారం సంఖ్య 3093, ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా అవి మారవు. ఒక యూనికోడ్ ఫాంటును తొలగిస్తే మరొక ఫాంటు ఆ అక్షరాలను చూపుతుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అనే ఫాంటు వచ్చింది. తరువాతి కాలంలో సిలికానాంధ్ర చొరవతో రూపొందిన మండలి, రామభద్ర వంటి అందమైన ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. అక్షరం ఒక ఫాంటుకు కట్టుబానిస కాకపోవడమే యూనికోడ్ చేసిన మేలు.

కనుక వివేకవంతుడైన ఆపరేటరు తొలగింపును టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టడు. మొదట దానితో తయారైన ఫైళ్ళన్నిటినీ ఒకచోట చేర్చి వేరొక డిస్కులో ప్రతి తీస్తాడు. ముఖ్యమైన వాటిని ఫాంట్లను లోపల పొదిగిన పీడీఎఫ్‌లుగా మారుస్తాడు. అప్పుడు ఏ యంత్రంలోనైనా వాటి రూపం చెక్కుచెదరదు. అయితే దిద్దుకోవడానికి అవి వీలుకావు. మళ్ళీ దిద్దవలసినవి ఉంటే మార్పిడి ఉపకరణం సహాయంతో యూనికోడ్‌లోకి తెస్తాడు. మార్పిడిలో సంయుక్తాక్షరాలు, ఒత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి. కనుక అచ్చుతప్పులు దిద్దే ఓపిక తప్పదు. ఆ పని పూర్తయ్యేవరకు అను ఫాంట్లను, పేజ్‌మేకర్‌ను ఉన్నచోటనే ఉంచుతాడు.

స్థలం కోసం అతడు తొలగించవలసినవి ఆటలు, ఐట్యూన్స్ పరివారం, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఆటలను తీసివేయడం చెప్పనక్కర లేనంత తేలిక. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. అటువంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ల అనుమతిపత్రం పరిమితమైన యంత్రాలకే వర్తిస్తుంది. తొలగించే ముందు ఈ యంత్రంలో దాని అనుమతిని రద్దు చేసుకోకపోతే, సాఫ్ట్‌వేర్ వెళ్ళిపోయినా అనుమతి ఇక్కడే చిక్కుకొని, అసలు హక్కుదారు మరొక యంత్రంలో వాడుకోలేకపోవచ్చు. యంత్రాన్ని అమ్మిన ఎడిటింగ్ గదివారికి ఫోను చేసి ఈ సంగతి చెప్పడం కనీస ధర్మం. క్విక్‌టైమ్‌ను నిస్సందేహంగా తీసివేయవచ్చు. ఈ కేంద్రంలో ప్రోరెస్ దృశ్యాలతో పనిలేదు.

ఒక్కొక్కటి తీసే ముందు అతడు వ్యవస్థ పునరుద్ధరణ స్థానాన్ని ఏర్పరచుకొంటాడు. ఒకదానిని తొలగించి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించి, మిగిలినవి పనిచేస్తున్నాయో లేదో చూసి, తరువాతనే రెండవదాని మీద చేయి వేస్తాడు. పదింటిని ఒకేసారి తొలగించినవానికి ఏది తీయడం వలన ఏది చెడిందో తెలియదు. అన్నీ అయిన తరువాత ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటాలలో మిగిలిన ఖాళీ కొంపలను పేరు చూసి చెరుపుతాడు. రిజిస్ట్రీని శుభ్రపరుస్తామని అంతర్జాలంలో పిలిచే ఉపకరణాలను దరిచేరనీయడు. వాటి వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ సంస్థయే ప్రకటించింది. రిజిస్ట్రీలో మిగిలిన నాలుగు పాత పంక్తులు ఆక్రమించే చోటు లెక్కలోనికి రాదు. ఊడదీయరానిది ఒక్కటి ఊడదీస్తే యంత్రమే లేవదు.

సాయంత్రానికి సి డ్రైవ్‌లోని ఎర్రగీత నీలంగా మారింది. యజమాని కుమారునికి ఆటలు లేవన్న కోపం మిగిలింది. రాత్రి తొమ్మిది గంటలకు సహాయ దర్శకుడు వచ్చి, మూడేళ్ళ క్రితం టైపు చేయించుకొన్న ప్రతిలో రెండు దృశ్యాలు మార్చాలన్నాడు. ఆపరేటరు పాత ఫైలును తెరిచాడు. తెలుగులోనే తెరుచుకొంది.

ప్రశ్నలు

1. కంప్యూటరులో ఉమ్మడి ఫైళ్ళను గుర్తించి నిలుపుకోవలసిన అవసరాన్ని సోదాహరణంగా వివరించండి.
2. క్విక్‌టైమ్ తొలగింపు విషయంలో ఎడిటర్లకు ఎదురైన సంకటం ఏమిటి? దానికి పరిష్కారం ఎలా లభించింది?
3. యూనికోడ్ ఫాంటును తొలగించడానికి, అను ఫాంటును తొలగించడానికి ఫలితంలో గల భేదాన్ని పది పంక్తులలో రాయండి.
4. ‘పూచెఁగలువలు’ అనే సంధిరూపానికి, సూపర్‌ఫిష్ ఉదంతానికి పాఠంలో చూపిన పోలికను తెలపండి.
5. మీ ఇంటిలోని ఫోనులో గాని, కంప్యూటరులో గాని తొలగించదలచుకొన్న ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎన్నుకోండి. దానితో మీరు తయారుచేసుకొన్నవి ఏమిటో, అవి దాని తరువాత ఎలా తెరుచుకొంటాయో పరిశీలించి రాయండి.
6. ఉద్వాసన, కలశస్థాపన పదాలలో మొదటిదానిని విడదీసి సంధి పేరు, రెండవదానికి విగ్రహవాక్యం చెప్పి సమాసం పేరు రాయండి.